పక్క చిల్లు పడిన రికార్డు

ఆ వీధిలో పెట్టెల పిన్ని ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కళ్లు మూసుకుని చెబుతారు. అసలు అడగక్కర్లేదు, చెవులుంటే చాలు. ఏ పూటైనా ఆ ఇంట్లోంచి ఒక పాటో, పాట రాకముందు వచ్చే గరగరో, ఆ గరగర ఎంతకీ పోనందుకు పిన్ని పెట్టే శాపనార్థాలో వినపడుతూనే ఉంటాయి. పెద్దా చిన్నా అందరికీ ఆమె పిన్నే. ఎదురింటి కిరాణా కొట్టాయన కూడా పిన్నీ అనే పిలుస్తాడు. "నాకంటే పెద్దవాడివి, నీకు నేను పిన్నినేమిటయ్యా" అని ఆమె కసురుకోవడం, అతను పళ్లన్నీ బయటపెట్టి నవ్వడం ఏళ్ల తరబడి నడుస్తోంది.

జ్యూక్‌బాక్సులు బాగుచెయ్యడం ఆమె పని. ఎవరో అప్పగించిన పని కాదు, కోరి నెత్తికెత్తుకున్న పని. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, వెనకటికి హోటళ్లలో బీరువా అంతేసి పాటల పెట్టెలు ఉండేవి. నాణెం వేసి, అద్దం కింద ఉన్న పేర్లలో కావలసిన పాట చూసుకుని, ఒక అక్షరం మీట, ఒక అంకె మీట నొక్కాలి. లోపల ఇనప చెయ్యి ఒకటి కదిలి, వరసగా నిలబెట్టిన రికార్డుల్లోంచి ఆ ఒక్కదాన్నే లాగి, తిప్పి, పాట వినిపించేది. ఇప్పుడు వాటి మొహం చూసేవాళ్లు లేరు. ఎవరికీ అక్కర్లేనివన్నీ పిన్ని ఇంటికి చేరాయి. ముందు గదిలో రెండు, పడకగదిలో ఒకటి, వంటింటి గుమ్మం పక్కన ఇంకొకటి. వంటింటి పెట్టెకు ఇంకా ప్రాణం రాలేదు కాబట్టి దాని నెత్తిన కుక్కరు, పప్పు డబ్బాలు కాపురముంటాయి.

భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి సన్నం. ఆ ఇంట్లో బతకాలంటే సన్నంగా ఉండి తీరాలి. మంచం దిగి బాత్రూముకు వెళ్లాలంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, పెట్టె మూలకు మోకాలు తగలకుండా జారుకోవాలి. "ఉద్యోగం చేసినన్నాళ్లూ జనాన్ని ముందుకు జరగండి, ముందుకు జరగండి అని తోశాను. వాళ్ల ఉసురే తగిలింది నాకు" అంటాడు. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలోనే ఆపి, "సీట్లు లేవండీ, నిలబడి వస్తామంటే ఎక్కండి" అంటాడు. పిన్నికి ఒళ్లు మండుతుంది. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కొత్త పెట్టె దిగిన రోజున దుమ్ము తుడవడానికి తడిగుడ్డ పట్టుకుని ముందు పరిగెత్తేది ఆయనే.

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, పెళ్లికి ముందు పిన్ని మోటార్లు వైండింగ్ చేసే షాపులో పనిచేసింది. కాలిపోయిన ఫ్యాన్లూ పంపు మోటార్లూ విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టాలి. చుట్టీ చుట్టీ వేళ్లకు కాయలు కాశాయి, అవి ఇప్పటికీ పోలేదు. ఒకసారి షాపు యజమాని మూతబడ్డ హోటలు సామానులో ఒక పెట్టె పట్టుకొచ్చాడు. "విప్పి లోపల రాగి ఎంతుందో తీసెయ్యమ్మాయ్" అన్నాడు. విప్పింది. విప్పినకొద్దీ లోపల ఇంకేదో ఉంది. చక్రాలు, స్ప్రింగులు, ఒకదాన్నొకటి తట్టి లేపే మీటలు. తిండి మాట మరిచిపోయి చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి తెగిన తీగ ఒకటి దొరికితే కలిపి కరెంటిచ్చింది. లైట్లు గుప్పున వెలిగాయి. ఇనప చెయ్యి మెల్లగా లేచి, లేని రికార్డు కోసం అటూ ఇటూ తడుముకుంది, చూపు ఆనని ముసలాయన మంచం కింద చెప్పుల కోసం తడుముకున్నట్టు. ఇక దాన్ని కొయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. యజమానిని బతిమాలి, బామాలి, ఇంటికి తెచ్చుకుంది. తర్వాత కాపురానికొస్తూ వెంట తెచ్చుకుంది. "కోడలు పెద్ద పెట్టెతో దిగుతోందట" అని అత్తవారింట్లో అందరూ తెగ మురిసిపోయారు పాపం. దించి చూస్తే ఇదీ పెట్టె!

ఆ రోజు అందరికంటే ఎక్కువ నోరు చేసుకున్నది వదిన, అంటే కండక్టరు అక్క. వదినది నోరు చెడ్డదే గానీ మనసు మంచిదని అందరూ అనేవాళ్లు. నోటి సంగతి మొదటి రోజే తెలిసింది, మనసు సంగతి తెలియడానికే బోలెడు కాలం పట్టింది అంటుంది పిన్ని. ఇప్పుడు ఇద్దరూ ఒకరిని చూడందే ఒకరు ఉండలేరు, చూశాక పోట్లాడుకోకుండానూ ఉండలేరు.

వదిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. జీవితమంతా చెవికి యంత్రం తగిలించుకుని ఎవరెవరి మాటలో కలిపింది. ఆ చెవులే ఆమెకు ఎదురు తిరిగాయి. ముందు కుడిది పోయింది. ఎడమది కూడా సన్నగిల్లుతోందనీ, కొన్నాళ్లకు అదీ పలకదనీ డాక్టరు చెప్పేశాడు. మిషన్ పెట్టుకుంటే హోరు తప్ప మాట తెలియడం లేదు. ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆమె మొహం దగ్గర మొహం పెట్టి "వినపడుతోందా? వినపడుతోందా?" అని అరుస్తాడు. ఆమెకు ఆ మాటంటేనే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "వినపడకేం నాయనా, నువ్వు అరిచేది బస్టాపులో వాళ్లక్కూడా వినపడుతోంది. ఏమంటున్నావో అది చెప్పి చావు" అంటుంది.

ఒకనాటి మధ్యాహ్నం పిన్ని ముందు గదిలోని పెద్ద పెట్టెకు స్పీకరు మార్చి, పాట పెట్టి చూస్తోంది. వదిన ఆ పెట్టె పక్కనే ముక్కాలిపీట వేసుకుని, చెక్కకు చెంప ఆనించి కునుకు తీస్తోంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచింది. మళ్లీ చెంప ఆనించింది. మళ్లీ తీసింది.

"అమ్మాయ్, మాటలు తెలుస్తున్నాయే! ప్రతి మాటా తెలుస్తోంది. ఎముకలోంచి వస్తోంది" అంది.

ఆ పాట అయ్యేదాకా అలాగే చెంప ఆనించి కూర్చుంది. అయిపోయాక ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయింది. వదిన మాట్లాడకుండా వెళ్లిందంటే వింతే కదా, పిన్నికి ఆ పూటంతా మనసు మనసులో లేదు. వారం తిరక్కముందే వదిన తమ్ముణ్ణి పిలిపించుకుని, పాత బట్టల మడతల్లోంచి ఒక రికార్డు తీసి చేతిలో పెట్టింది.

అది వాళ్ల నాన్న గొంతు. వదిన చిన్నపిల్లగా, కండక్టరు చంటివాడుగా ఉన్నప్పుడు, ఆయన వాళ్లను ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాడట. అక్కడ ఒక చిన్న గది ఉండేది. లోపలికెళ్లి మాట్లాడితే ఆ మాటలు అప్పటికప్పుడే రికార్డు మీద చెక్కి ఇచ్చేవారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన పోయాడు. ఇంట్లో వినడానికి మిషన్ లేదు. ఎవరింట్లోనో ఒక్కసారి విన్నారు, అంతే. రికార్డు మాత్రం వదిన దగ్గరే ఉండిపోయింది.

"మొహానికి ఫొటో ఉందిరా. గొంతే లేదు" అంది వదిన తమ్ముడితో. "ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామని చూస్తే నా గొంతే వస్తోంది. ఈ ఉన్న కాస్త చెవీ పోయేలోగా ఒక్కసారి వినాలి. ఆ పెట్టెలో పెట్టమని చెప్పు మీ ఆవిడకి. ఆదివారం సాయంత్రం వస్తాను."

ఇక్కడ పిన్ని పని పద్ధతి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం అర్థం కాదు. మామూలు రికార్డుకు నడిమధ్య పెన్సిలు దూరేంత చిల్లు ఉంటుంది. జ్యూక్‌బాక్సుకు అది చాలదు, నిమ్మకాయ దూరేంత పెద్ద చిల్లు కావాలి. అందుకని పాతసామాను షాపు నుంచి రికార్డులు వచ్చినప్పుడల్లా పిన్ని చిన్న చిల్లువాటిని ఏరి, ఒక పళ్లెంలో బోర్లా పేర్చుకుని, వరసపెట్టి పెద్ద చిల్లులు వేస్తుంది. ఆ పనికి చెవులు కుట్టడం అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. మధ్యలో మేకు, చుట్టూ తిరిగే బ్లేడు ఉన్న కోత పిడి ఒకటుంది. మేకును చిల్లులో దించి ఒక తిప్పు తిప్పితే గుండ్రంగా బిళ్ల ఊడి పడుతుంది. కళ్లతో పనిలేదు. వేలితో చిల్లు తడమడం, మేకు దించడం, తిప్పడం.

శనివారం కండక్టరు రికార్డు పట్టుకుని ఇంటికొచ్చేసరికి పిన్ని పెట్టె వెనక దూరి తీగలు అతుకుతోంది. "అక్క రికార్డు తెచ్చాను, ఇక్కడ పెడుతున్నాను" అన్నాడు ఆయన. "ఊఁ" అంది ఆమె. ఆయన రికార్డుల పళ్లెంలో పెట్టాడు. పైగా మనిషికి పద్ధతెక్కువ! మిగతావన్నీ బోర్లా ఉన్నాయి కదా అని దీన్ని కూడా జాగ్రత్తగా బోర్లా తిప్పి పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే పిన్ని చెవులు కుట్టడానికి కూర్చుంది. చేతులు ఆ పనిలో ఉన్నాయి, నోరు మొగుడితో పోట్లాటలో ఉంది. వంటింటి పెట్టెను బాల్కనీలోకి జరపాలని ఆయన, జరిపితే వానకు తడిసి చస్తుందని ఆమె. "నేను తడిసినా ఫర్వాలేదు గానీ అది తడవకూడదు, అంతేగా?" అని ఆయన అంటున్నాడు. "మీరు తడిస్తే తుడుచుకుంటారు, దాన్ని ఎవరు తుడుస్తారు?" అంటూ ఆమె మేకు దించి ఒక తిప్పు తిప్పింది.

చేతికి తేడా తెలిసింది. బ్లేడు మామూలుగా కరకరమంటూ తిరగాలి, ఇది మెత్తగా దిగిపోయింది. అట్టను కోసినట్టుంది. తిప్పి చూసింది. లేబులు మీద అత్తగారి చేతిరాత. ఆయనగారి పేరు రాయడానికి మొహమాటపడిందో ఏమో పాపం, "పిల్లల నాన్న" అని రాసుకుంది.

పిన్ని పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికీ చిల్లు నడిమధ్య పడి ఉంటే బాధ లేదు. ఎలాగూ పెట్టెలో పెట్టాలంటే పెద్ద చిల్లు వెయ్యాల్సిందే. కానీ ఎగ్జిబిషన్‌లో చెక్కే ఆ అట్ట రికార్డులకు నడిమి చిల్లు పక్కనే ఇంకో చిల్లు ఉంటుంది, చెక్కేటప్పుడు రికార్డు జారకుండా బిగించడానికి. పిన్ని వేలికి ముందు తగిలింది అది. మేకు దిగింది అందులో. ఇప్పుడు రికార్డుకున్న పెద్ద చిల్లు నడిమధ్య లేదు, ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"ఏమండీ, మీ అక్కయ్య రికార్డు ఎక్కడ పెట్టారు?" అంది.

"చెప్పాగా, పళ్లెంలో."

"ఏ పళ్లెంలో?"

"రికార్డుల పళ్లెంలో. రికార్డు ఇంకెక్కడ పెడతారు, కుక్కర్లోనా?"

ఆమె రికార్డు ఎత్తి చూపించింది. పక్కకు పోయిన ఆ చిల్లులోంచి ఆయన మొహం తెల్లబోవడం కనపడింది.

చిల్లు పక్కకు పోతే ఏమవుతుందంటే, ఇరుసు ఓరగా దిగిన చక్రంలా రికార్డు ఊగుతూ తిరుగుతుంది. గొంతు ఒకసారి సాగుతుంది, ఒకసారి ముడుచుకుంటుంది, తాగినవాడి పాటలాగ. అందులో నాన్నను కాదు గదా, మనిషినే పోల్చుకోలేరు. కాపీ తీసుకోకుండా ఏ రికార్డుకూ కత్తి తాకించకూడదని ఊళ్లో వాళ్లందరికీ నీతులు చెప్పే మనిషి పిన్ని. ఏం లాభం, చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"బస్సులో ఎవరో మర్చిపోయిన గొడుగు కూడా భద్రంగా డిపోలో అప్పగించిన మనిషి, సొంత అక్క రికార్డు పట్టుకొచ్చి కోతల పళ్లెంలో పెడతారా?" అంది పిన్ని.

"పెట్టానని చెప్పాను కదా! ఊఁ అన్నావు కదా!"

"నేను పెట్టె వెనకాల ఉంటే దేనికైనా ఊఁ అంటాను. ఇల్లు తగలబడుతోందన్నా ఊఁ అంటాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలియదా మీకు?"

ఆయన గొంతు తగ్గించి, "అక్కకి చెప్పొద్దు. పెట్టె పాడైందని చెబుదాం" అన్నాడు.

"పెట్టె పాడైందని చచ్చినా చెప్పను. కావాలంటే మీరు పాడయ్యారని చెబుతాను" అంది పిన్ని. అని, పెట్టెకు వీపు ఆనించి నేల మీద కూలబడింది. ఆమెకు నిజంగా భయం వేసింది. వదిన తిడుతుందని కాదు. ఆ ఎడమ చెవి ఏ రోజు మూతబడుతుందో ఎవరికీ తెలియదు. ఈలోగా ఆ గొంతు వినిపించలేకపోతే, ఇక ఎప్పటికీ వినిపించడం కుదరదు.

సాయంత్రం వస్తానన్న వదిన మధ్యాహ్నం కాకుండానే దిగింది. ఆగలేకపోయింది మరి. ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఎవరినో చూడబోతున్నట్టు వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలూ చూసింది. చెవి తగ్గినకొద్దీ ఆమె కళ్లకు పదును పెరిగింది.

"ఏం చేశారు?" అంది.

"ఏం లేదక్కా, ఏం చేస్తాం?" అన్నాడు కండక్టరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పళ్లెం కనపడకుండా అడ్డం నిలబడ్డాడు.

పిన్ని గొంతు సవరించుకుంది. "వదినా, చిన్న పొరపాటు జరిగింది" అంది మెల్లగా.

"ఆఁ?"

"పొరపాటైంది వదినా."

"గట్టిగా చెప్పు. నాకు గొణుగుడు అర్థం కాదని తెలుసుగా."

ఏం కర్మ చూడండి! ఇలాంటి మాట ఎవరైనా చెవిలో గుసగుసగా చెప్పుకుని ఏడుస్తారు. పిన్నికి ఆ అదృష్టం కూడా లేదు. గుండె నిండా గాలి పీల్చుకుని, "నాన్నగారి రికార్డుకి చిల్లు తప్పు చోట వేశాను వదినా! నేనే వేశాను! చూసుకోలేదు!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

ఎదురుగా కిరాణా కొట్టాయన తూకం ఆపేశాడు. పైవాటాలో కిటికీ తెరుచుకుంది. వదిన చెయ్యి చాపింది. పిన్ని రికార్డు ఇచ్చింది. వదిన ఆ చిల్లులో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది.

"మాట పోయిందా?" అంది. ఆ గొంతు అంత చిన్నగా ఉండడం పిన్ని ఎన్నడూ వినలేదు.

"మాట పోలేదు! గీత ఒక్కటి కూడా తెగలేదు! నడుము తప్పింది, అంతే!"

"సరి చెయ్యగలవా?"

"చేస్తాను!" అని అరిచేసింది పిన్ని. అరిచాక గానీ, చెయ్యగలనో లేదో తనకే తెలియదని గుర్తు రాలేదు.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు మొదలెట్టింది. "నా దగ్గర ఇన్నేళ్లు ఈగ వాలకుండా ఉంది. మీ ఇంటికొచ్చి ఒక్క రాత్రి నిద్ర చేసిందో లేదో నడుము విరగ్గొట్టారు. నీ చేతులకి దండం తల్లీ. నువ్వేమిట్రా అక్కడ స్తంభంలా నిలబడ్డావు, నీకు తెలియకుండానే జరిగిందా ఇది?" అంటూ అందుకుంది. పిన్నికి పోయిన ప్రాణం కాస్త లేచొచ్చింది. వదిన తిట్టకపోతేనే భయం. తిడుతోందంటే ఇంకా ఆశ ఉన్నట్టే.

పిన్ని బల్ల మీద, రికార్డులు ఆడించి చూసే పరీక్ష మిషన్ పెట్టింది. దాని నడిమధ్య, పెద్ద చిల్లుకు సరిపడా లావున్న పొడుగు దిమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. రికార్డు దాని చుట్టూ కూర్చోవాలి. ఆమె మళ్లీ కోత పిడి అందుకునేసరికి వదిన కుర్చీలోంచి లేచింది.

"ఇంకా కోస్తావా!"

"కొయ్యాలి వదినా! చిల్లు వదులైతేనే రికార్డు అటూ ఇటూ జరుగుతుంది!"

నిజానికి ఆ భయం పిన్నికీ ఉంది. లేబులు దాటితే గీతల్లోకి పోతుంది, పోతే మాట పోతుంది. బ్లేడుతో చుట్టూ కోయడం మాని, వెంట్రుకవాసి చొప్పున గీకుతూ చిల్లును పెద్దది చేసింది. ఇప్పుడు రికార్డు ఆ దిమ్మ చుట్టూ వదులుగా ఆడుతోంది. స్పీకరు ఆపేసి, మిషన్ను నెమ్మదిగా తిప్పి, ముల్లును లేబులు దగ్గర, మాటలు అయిపోయాక ఉండే ఉత్త గీతల మీద దించింది. మాటలున్న చోట ముల్లు ఆనించలేదు. అట్ట రికార్డు, ఎన్నిసార్లు ఆడితే అంత అరుగుతుంది. ఆ గొంతును ముందు వినాల్సింది వదిన, తను కాదు.

రికార్డు తిరుగుతుంటే ముల్లున్న చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది. రికార్డును గోటితో కొద్దికొద్దిగా నెట్టాలి. ఊగడం ఆగిపోయిన చోటే అసలు నడిమధ్య. చెప్పడానికి తేలికే. కానీ నెట్టాలంటే వంగాలి, వంగితే ముల్లు ఊగేది కనపడదు, తలెత్తి చూస్తే వేలు తప్పుతుంది. పిన్ని రెండు మూడుసార్లు ప్రయత్నించి, కళ్లజోడు తీసి, చెమట తుడుచుకుని, "నా వల్ల కావడం లేదు" అంది.

అప్పుడు ముందుకొచ్చాడు కండక్టరు. బల్ల అవతల మోకాళ్ల మీద కూర్చుని, ముల్లుకు ఎదురుగా కళ్లు పెట్టాడు. బస్సు వెనక్కి తీసేటప్పుడు డ్రైవరుకు చెప్పినట్టు చెయ్యి ఊపుతూ మొదలెట్టాడు.

"రానియ్... రానియ్... ఇంకొంచెం రానియ్... అబ్బే, ఎక్కువైంది, ముందుకు పోనియ్... చాలు. లెఫ్టు... లెఫ్టు కొట్టు..."

"లెఫ్టంటే మీ లెఫ్టా నా లెఫ్టా?"

"డ్రైవరు లెఫ్టే! ఎప్పుడైనా డ్రైవరు లెఫ్టే! రానియ్... మెల్లగా... మెల్లగా..."

వదినకు ఆ కేకలేవీ తెలియడం లేదు. ఆమె కూడా వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని ముల్లుకేసే చూస్తోంది. ముల్లు ఊగుడు తగ్గింది. వేలెడంత ఊగినది గోరంతకు వచ్చింది. గోరంత కాస్తా నూలుపోగంతైంది. పిన్ని గోటితో ఇంకొక్కసారి తాకించింది.

"హోల్డాన్!" అని కండక్టరు అరవడమూ, "ఆగింది!" అని వదిన తమ్ముడి భుజం చరచడమూ ఒక్కసారే జరిగాయి.

పిన్ని ఊపిరి తీసుకోకుండా మిషన్ ఆపి, పాత రికార్డులోంచి కోసి ఉంచుకున్న ఉంగరం లాంటి పల్చటి ముక్కకు జిగురు రాసి, దిమ్మ మీదుగా మెల్లగా కిందికి జార్చింది. ఆ ఉంగరం చిల్లు దిమ్మకు సరిగ్గా సరిపోయేది. అది వచ్చి లేబులు మీద అతుక్కుంది. ఇక రికార్డుకు కొత్త నడిమి చిల్లు అదే. ఇల్లలకగానే పండగ కాదని ఆమెకూ తెలుసు. అయినా అలా నిలబడే రెండు చేతులతో మొహం కప్పుకుని కాసేపు ఏడ్చింది. వదిన ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

జిగురు ఆరేదాకా ఆగాలి. అన్నాల దగ్గర కూర్చున్నారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. కిరాణా కొట్టాయన కొట్టు వదిలేసి గుమ్మం దాకా వచ్చి, "అయ్యిందా పిన్నీ?" అని అడిగి వెళ్లాడు. అరిచి చెప్పుకున్నాక ఇంకేం దాపరికం, వీధి మొత్తానికీ అదే ధ్యాస.

ఆరాక రికార్డును పెద్ద పెట్టెలో, ఒక పాట తీసేసి ఆ ఖాళీలో నిలబెట్టింది. మళ్లీ మళ్లీ ఆడించే పని లేకుండా, ఫోనులోకి కూడా కాపీ ఎక్కేటట్టు తీగ తగిలించింది. ఈసారి మర్చిపోలేదు. వదినను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి చెంప చెక్కకు ఆనించమంది. వదిన రెండు అరచేతులూ కూడా పెట్టెకు ఆనించి కళ్లు మూసుకుంది.

"నొక్కండి" అంది పిన్ని మొగుడితో.

"నేనా?"

"మీ నాన్నగారే కదా."

ఆయన ప్యాంటుకు చేతులు తుడుచుకుని అక్షరం మీట, అంకె మీట నొక్కాడు. లోపల చక్రం తిరిగింది. ఆగింది. ఇనప చెయ్యి లేచి, రికార్డును పట్టుకుని, తెచ్చి ఆనించింది. ముల్లు దిగింది. గరగరమంది. గరగర తప్ప ఏమీ లేదు. పిన్ని చెయ్యి వెళ్లి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"హలో" అంది పెట్టె.

గొంతు సాగలేదు, ముడుచుకోలేదు. ఊగలేదు. గీత గీసినంత తిన్నగా వచ్చింది. పిన్ని హమ్మయ్య అని పైకే అనేసింది.

"హలో... ఇందులోకేనా మాట్లాడాల్సింది? మొదలైందా? ఎర్ర లైటు వెలిగింది, మొదలైనట్టే ఉంది." వెనకాల చంటిపిల్లాడు గుక్కపట్టాడు. "అబ్బ, వీడెందుకే ఇలా ఏడుస్తున్నాడు? కాస్త బయటికి తీసుకెళ్లు వాణ్ణి."

"నన్నే!" అన్నాడు కండక్టరు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, మూతి మీద నవ్వు వచ్చింది. "చూశావా, పుట్టి బుద్ధెరిగాక నాన్న మాట వినడం ఇదే మొదలు. ఆ ఒక్క మాటా నన్ను దింపెయ్యమనే!"

వదిన కళ్లు తెరవలేదు. "ఎంత లేత గొంతే అమ్మాయ్" అంది. "మా నాన్న ఇంత కుర్రాడా! నా ఊహలో పెద్దాయన. ఇదేమిటి, నా కొడుకు కంటే చిన్నవాడు!"

పెట్టెలో ఆయన గొంతు సవరించుకున్నాడు. "చిట్టీ, నువ్వు మాట్లాడమ్మా. రా, ఇలా రా. సిగ్గా? ఎవరూ లేరు, మనమే. సరే, నేనే మాట్లాడతాను. ఏం మాట్లాడను చెప్పు... మా చిట్టి పెద్దదయ్యాక ఇది పెట్టుకుని వింటుంది. వింటావు కదూ? ఇందులో సరిగ్గా పడుతోందో లేదో. చిట్టీ, వినపడుతోందా? ఏదీ, వినపడుతోందా?"

ఆయన ఆగాడు. జవాబు కోసం ఆగాడు. ఆనాడు ఆ చిన్న గదిలో ఆరేళ్ల పిల్ల సిగ్గుతో తలొంచుకుని ఏమీ చెప్పలేదు. అందుకని రికార్డులో అక్కడ మాట లేదు, గరగర మాత్రమే తిరుగుతోంది.

"వినపడుతోంది నాన్నా, వినపడుతోంది!" అంది వదిన, ఎదురింటి కిరాణా కొట్టు దాకా వినపడేంత గట్టిగా.